సెల్లులో కనిపించే వాన బొమ్మ యాడ పుట్టింది?



గండికోట మీద రాయమని కొందరు అడుగుతా ఉన్నారు. రాస్తాను, కానీ ఈసారి రాజుల చరిత్ర కాదు. మనందరి సెల్లుల్లో ఉండే ఒక బొమ్మ చరిత్ర. మబ్బు పట్టినప్పుడల్లా ఎవరో ఒకరు పంపిస్తారు చూడండి, రాయలసీమ పటం మీద పచ్చ, పసుపు, ఎరుపు రంగులు పూసి, కింద "ఈ రాత్రికి భారీ వర్షం" అని రాసి ఉంటుంది. ఆ బొమ్మ.

ఇది ఎందుకు పట్టుకున్నానో ముందు చెప్పాల. 2020 అక్టోబరులో శెనక్కాయ పెరికి కట్టె చేన్లోనే ఆరబెట్టుకుని ఉన్నాం. అట్లాంటి ఎర్ర బొమ్మ ఒకటి నా సెల్లుకు వచ్చింది. నేనే దాన్ని నలుగురికీ పంపించి, ఇంటింటికీ పోయి చెప్పినాను. ముగ్గురు రైతులు ఆ సాయంత్రమే రెండింతల కూలి ఇచ్చి కట్టె కుప్ప వేయించి పట్టలు కప్పినారు. తెల్లార్లూ చుక్క పడలేదు. పచ్చి కట్టె కుప్పలో ఉడికిపోయి కాయ నల్లబడింది. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మరుసటి ఏడు, 2021 నవంబరు 18న మళ్లీ ఎర్ర బొమ్మ వచ్చింది. ఈసారి నేను నోరు మూసుకున్నా. పాపాఘ్ని ఒడ్డున ఉన్న మోటార్లు తియ్యమని ఎవరికీ చెప్పలేదు, నాదీ తియ్యలేదు. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో ఏటికి వచ్చిన నీళ్లు మీరంతా చూసినారు. నా మోటారు, పైపులు, స్టార్టర్ పెట్టె అన్నీ పోయినాయి. కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెనే కూలిపోయింది, ఇంక నా మోటారెంత.

ఒకే రంగు బొమ్మ. ఒకసారి నమ్మి చెడితిమి, ఒకసారి నమ్మక చెడితిమి. అప్పటి నుంచి ఈ బొమ్మను ఎవరు గీస్తారు, దేన్ని చూసి గీస్తారు అని చదువుకుంటూ వచ్చినాను.

మొట్టమొదట తెలిసిన సంగతి, అది ఫోటో కాదు. మనకు వచ్చే బొమ్మలు మూడు రకాలు. ఉపగ్రహం పైనుంచి చూసి పంపేది ఒకటి. రాడార్ కిరణం మబ్బులో నీటి చుక్కలకు తగిలి వెనక్కి వస్తే దాన్ని బట్టి గీసేది ఇంకొకటి. ఈ రెండూ జరిగిపోయినవి, లేదా ఇప్పుడు జరుగుతున్నవి. మూడోది రేపటిది, ఎల్లుండిది. రేపటి వానను ఏ ఉపగ్రహమూ చూడలేదు కదా. అది కంప్యూటర్ లెక్క కట్టి గీసింది. మూడింటికీ ఒకే తీరుగా రంగులు పూస్తారు, అందుకే మనకు తేడా తెలీదు. 2020లో నేను ఊరంతా తిప్పింది లెక్క బొమ్మను, చెప్పింది మాత్రం కంటితో చూసినట్లు.

ఇంక చరిత్రకు వస్తాం.

పాత కాలంలో పది ఆమడల దూరంలో వాన కురుస్తా ఉందని ఇక్కడ తెలియాలంటే మనిషో గుర్రమో రావాల. వాళ్లు వచ్చేలోపల మబ్బే వచ్చేస్తుంది. టెలిగ్రాఫ్ తీగలు వచ్చినాకనే మబ్బు కన్నా ముందుగా కబురు పోవడం మొదలైంది. 1850ల్లో అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థలో జోసెఫ్ హెన్రీ అనే ఆయన తీగల మీద ఊరూరి కబురు తెప్పించుకుని, గోడకు పెద్ద పటం తగిలించి, ఏ ఊర్లో ఎండ, ఏ ఊర్లో వాన అని దాని మీద రంగు బిళ్లలు పెట్టించినాడు. మన సెల్లులో బొమ్మకు అదే ముత్తాత. తీగ లేకపోతే ఆ పటం లేదు. ఈ పొద్దుటికీ అదే సంగతి, బొమ్మ గీయడం కన్నా కబురు ఒకచోటికి చేర్చడమే పెద్ద పని.

మన దేశంలో 1864లో కలకత్తాను పెద్ద తుపాను ముంచేసింది. 1866లో, 1871లో వానలు పోయినాయి. అప్పుడు గానీ దొరలకు కళ్లు తెరుచుకోలేదు. 1875లో భారత వాతావరణ శాఖ పెట్టినారు. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ అనే ఆయన మొదటి అధికారి. దాని మరుసటి ఏడే మన కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను ఊడ్చిపెట్టిన ధాత కరువు మొదలైంది. శాఖ పుట్టింది, కరువూ వచ్చింది. మన అవ్వాతాతలు చెప్పిన ధాత కరువు కథల్లో వాతావరణ శాఖ మాట ఎప్పుడూ వినలేదు నేను. వినేదానికి అప్పటికి వాళ్ల చేతిలో ఏముంది, వానమాపకాలు, కాగితాలు తప్ప.

రేపటి వానను లెక్క కట్టొచ్చు అని కూర్చుని చూసినవాడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లండ్ ఆయన. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో అంబులెన్సు నడుపుతా, దొరికిన తీరికలో లెక్కలు వేసినాడు. 1910 మే 20వ తేదీ ఒక చోట గాలి పీడనం 6 గంటల్లో ఎంత మారుతుందో చేత్తో లెక్క కట్టినాడు. 6 గంటల లెక్కకు సుమారు 6 వారాలు పట్టింది. తీరా చూస్తే తప్పు! పీడనం 145 మిల్లీబార్లు మారుతుందని వచ్చింది, నిజానికి ఆ రోజు అది కదిలిందే లేదు. మనకు వాయుగుండాలు, తుపాన్లు వచ్చినప్పుడు కూడా 6 గంటల్లో అంత మారదు.

అయినా ఆయన సిగ్గుపడి దాచుకోలేదు. 1922లో ఆ తప్పుడు లెక్కను కూడా వేసి పుస్తకం అచ్చు వేయించినాడు. లెక్క చేసే తీరు సరిగ్గానే ఉంది, తప్పు మొదలు వేసుకున్న అంకెల్లో ఉందని తర్వాతి వాళ్లు తేల్చినారు. మన భాషలో చెప్పాలంటే సేద్యం బాగానే చేసినాడు, విత్తనంలో కల్తీ.

ఆ పుస్తకంలో ఆయన ఒక ఊహ రాసినాడు, నాకు బలే నచ్చింది. పెద్ద గుండ్రటి మందిరం. గోడల నిండా ప్రపంచ పటం. అందులో 64,000 మంది కూర్చుని లెక్కలు చేస్తా ఉంటారు. ఒక్కొక్కరిదీ పటంలో ఒక్కొక్క ముక్క. తన ముక్క లెక్క కాగానే పక్కవానికి చూపించాల, ఎందుకంటే పై చేను నీళ్లు కింద చేన్లోకి వచ్చినట్లు ఒక ముక్కలోని గాలి పక్క ముక్కలోకి పోతుంది. నడిమధ్య ఎత్తు మీద ఒక పెద్దాయన నిలబడి, ముందుకు పోయినవాళ్ల మీద గులాబి రంగు దీపం, వెనకబడినవాళ్ల మీద నీలం దీపం వేస్తా ఉంటాడు. మేస్త్రి కలుపు తీయించినట్లే! సాలు దాటి ముందుకు పోతే ఆగమంటాడు, వెనకబడితే అదిలిస్తాడు. ఆ కాలంలో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, లెక్కలు చేసే మనిషి. ఈ పొద్దు వేల కంప్యూటర్లను తీగలతో కలిపి వాన లెక్క కట్టేది అచ్చం ఆయన చెప్పినట్లే. పటాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తారు, అంచు లెక్కలు ఒకదానికొకటి అందించుకుంటాయి.

యంత్రంతో మొదటి వాతావరణ లెక్క 1950లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటర్ మీద జరిగింది. చార్నీ, వాన్ నాయిమన్ అనేవాళ్లు చేయించినారు. 24 గంటల తర్వాత గాలి ఎట్ల ఉంటుందో చెప్పేదానికి దానికి సుమారు 24 గంటలే పట్టింది. అంటే రేపు ఏమవుతుందో రేపటికి చెప్పింది. నవ్వొస్తుంది గానీ, రిచర్డ్‌సన్ 6 వారాలతో పోల్చి చూడండి.

1960 ఏప్రిల్ 1న టైరాస్-1 అనే ఉపగ్రహం పైకి పోయి మొదటిసారి మబ్బులను పైనుంచి బొమ్మలు తీసి పంపింది. అంతవరకు సముద్రం నడుమ తుపాను పుడితే, ఆ దారిలో పోయే ఓడ చెబితేనే తెలిసేది.

మన దగ్గరికి వస్తే 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. నేను అప్పటికి చిన్నపిల్లోన్ని, రేడియోలో విని మా నాయన అన్నం తినకుండా లేచిపోవడం గుర్తుంది. సర్కారు లెక్కలోనే సుమారు 10,000 మంది పోయినారు. అప్పటికి మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. తుపాను వస్తా ఉందని వాతావరణ శాఖకు తెలీక కాదు. అది సరిగ్గా యాడికి వస్తుంది, సముద్రం ఎంత ఎత్తు లేస్తుంది అనేది తేల్చి, ఆ మాట ఆ రాత్రి లంక ఊళ్లలో గుడిసెలో పండుకున్న మనిషికి చేర్చే దారి లేకపోయింది.

ఆ తర్వాత 1982లో ఇన్సాట్-1ఎ పైకి పోయి కొన్ని నెలల్లోనే చెడిపోయింది. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి నిలబడింది. టీవీ వార్తల చివర్లో తెల్ల మబ్బుల బొమ్మ వచ్చేది గుర్తుందా, దానిదే. ఆ ఉపగ్రహం ఇంకొక పని కూడా చేసింది, అది ఎక్కువ మందికి తెలీదు. కోస్తా ఊళ్లలో హెచ్చరిక పెట్టెలు పెట్టినారు. తుపాను వస్తే ఉపగ్రహం మీదుగా ఆ పెట్టె సైరన్ కూసి, ఆ ప్రాంతం భాషలోనే మాట వినిపించేది. స్తంభాలు కూలినా, తీగలు తెగినా మాట ఆగదు. 1990 మే నెలలో కృష్ణా జిల్లా తీరానికి 1977 దానికి తీసిపోని తుపాను వచ్చింది. లక్షల మందిని ముందే ఖాళీ చేయించినారు. పోయినవాళ్లు సుమారు 1,000 మంది. అదీ తక్కువేం కాదు. కానీ పక్కన 10,000 పెట్టి చూడండి.

చూసే కన్ను దొరికింది, లెక్క కట్టే తల కావాల. మన దేశం అమెరికాను ఒక పెద్ద క్రే కంప్యూటర్ అడిగింది. దాన్ని బాంబుల లెక్కలకు వాడుతామేమోనని వాళ్లకు అనుమానం. అడిగినది ఇవ్వకుండా అంతకన్నా చిన్నది, క్రే ఎక్స్-ఎంపీ 14 అనేది ఇచ్చినారు. ఢిల్లీలో దాంతోనే వాతావరణ లెక్కలు మొదలైనాయి. ఆ 1988లోనే పూనాలో సీ-డాక్ అనే సంస్థ పెట్టినారు, విజయ్ భట్కర్ ముందుండి నడిపించినాడు. 1991కి పరమ్ 8000 తయారైంది. ఒక పెద్ద తల కొనలేకపోతే చిన్న చిన్న తలలు చాలా కలిపి పని చేయించడం, అదీ దాని కిటుకు. పది ఎకరాల కలుపుకు ట్రాక్టర్ దొరక్కపోతే ముప్పై మంది కూలోళ్లను దింపినట్లు.

లెక్క అయితే అవుతుంది, కంప్యూటర్ కక్కేది అంకెలు. లక్షల అంకెలు. వాటిని చూసి మబ్బు ఎట్ల లేస్తుందో ఎవరు ఊహించగలరు? 1987లో అమెరికా శాస్త్రవేత్తలు కొందరు వాళ్ల ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చినారు. లెక్కలను బొమ్మలుగా మార్చడం అలంకారం కాదు, అదే ఒక శాస్త్రం, దానికి డబ్బు పెట్టండి అని. 1989లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ అనే కేంద్రంలో ఒక ఉరుముల మబ్బును కంప్యూటర్‌తో లెక్క కట్టి కదిలే బొమ్మ చేసినారు. శాస్త్రవేత్తలతో పాటు బొమ్మలు గీసే కళాకారులు కూడా కూర్చుని చేసిన పని అది. గాలి యాడ పైకి లేస్తుంది, యాడ కిందికి దిగుతుంది అనేది రిబ్బన్ల మాదిరి చూపించినారు. బయట నిలబడి మనం చూసే మబ్బు లోపల ఏం జరుగుతుందో దాంట్లో కనపడుతుంది. ఇంకో చిత్రం ఏమంటే, 1993లో మొజాయిక్ అనే బ్రౌజర్ వచ్చింది కూడా ఆ కేంద్రం నుంచే. ఊరూరి కంప్యూటర్లో బొమ్మలు, రాతలు కలిపి చూసే అలవాటు దాంతోనే జనానికి పట్టింది. అంతవరకు శాస్త్రవేత్త గదిలో ఉన్న బొమ్మ ఆ దారిలోనే బయటికి వచ్చింది. మన హైదరాబాదులో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఇస్రో భువన్ పటాలు నడిపిస్తుంది. 2009లో అది మొదలైనాక మన చేను పైనుంచి ఎట్ల ఉంటుందో మనమే చూసుకునే రోజు వచ్చింది.

ఇప్పుడు రాడార్ సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి, మన జేబుకు సంబంధించింది. చెన్నైలో డాప్లర్ రాడార్ 2002లో వచ్చింది, శ్రీహరికోటలో 2004లో. వీరపునాయునిపల్లె నుంచి శ్రీహరికోట సుమారు 200 కిలోమీటర్లు, చెన్నై సుమారు 250. భూమి గుండ్రం కదా, రాడార్ కిరణం ముందుకు పోయేకొద్దీ భూమి దాని కింద వంగిపోతుంది. కిరణం మన తల మీదికి వచ్చేసరికి 4 కిలోమీటర్ల పైమాటే ఎత్తులో ఉంటుంది. అంటే అది పెద్ద మబ్బు తలకాయను చూస్తుంది గానీ, మన నెత్తిన తక్కువ ఎత్తులో కురిసే మబ్బును చూడలేదు. నడుమ శేషాచలం, పాలకొండలు అడ్డం ఉండనే ఉన్నాయి. అందుకే ఆ బొమ్మలో ఏమీ లేకపోయినా మనం తడుస్తాం. ఒక్కోసారి పైన ఉన్న చుక్కలు నేలకు దిగేలోపల ఆవిరైపోతాయి, బొమ్మలో రంగు ఉంటుంది, చేను ఎండి ఉంటుంది. తిరుపతి దగ్గర గాదంకిలో పెద్ద రాడార్ ఉంది కదా అని కొందరు అంటారు. అది నిజమే, 1,024 యాంటెన్నాలున్న గొప్ప రాడార్. కానీ అది నెత్తి మీదికి నిట్టనిలువుగా చూసి, పై గాలులను చదివే పరిశోధన రాడార్. మన సెల్లులో తిరిగే వాన బొమ్మ దానిది కాదు.

లెక్క బొమ్మకు ఇంకొక తిరకాసు, గడి. కంప్యూటర్ భూమినంతా గడులు చేసి, గడికి ఒక అంకె చొప్పున వేస్తుంది. మన దేశం లెక్కలో ఆ గడి మొన్నటి దాకా 12 కిలోమీటర్లది. 2018లో పూనాలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ అనే పెద్ద కంప్యూటర్లు వచ్చినాయి. 2025 మే నెలలో 6 కిలోమీటర్లకు దించినారు. 12 కిలోమీటర్ల గడి అంటే మన మండలంలో ఎన్ని ఊళ్లు దాంట్లో పడతాయో మీరే చూసుకోండి. వాటన్నిటికీ ఒకే రంగు. వాన ఏమో వంక అవతల దంచి కొట్టి ఇవతల దుమ్ము లేపి పోతుంది. సెల్లులో రంగులు మెత్తగా ఒకదాంట్లో ఒకటి కలిసి ఉంటాయి చూడండి, మన చేను గట్టు దాకా లెక్క కట్టినట్లు కనపడుతుంది. అది బొమ్మ గీసేటప్పుడు నున్నగా దిద్దింది, అంతే.

ఇంక రంగుల అర్థం. వాతావరణ శాఖ ఎరుపు అంటే "ఇంత వాన" అని కాదు, "ఇంక చూస్తా కూర్చోవద్దు, పనిలోకి దిగండి" అని. నారింజ అంటే సిద్ధంగా ఉండండి, పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి. వేరే యాప్‌లలో ఎరుపు అంటే ఉత్త వాన మోతాదు. రెండూ ఒకటి కాదు. శాఖ "ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" అంటే ఆ ప్రాంతంలో ఉన్న వానమాపకాల్లో నాలుగో వంతుకు మించకుండా అని లెక్క. భారీ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటాల. 2020లో నాకు వచ్చిన బొమ్మ కింద రాసి ఉన్న చిన్న అక్షరాలు నేను చదవలేదు. "ఒకటి రెండు చోట్ల" అనే ఉంది. యాడో రెండు చోట్ల పడే ఉంటుంది, మా చేను ఆ రెండిట్లో లేదు. శాఖ తప్పు చెప్పలేదు, నేను తప్పు చదివినా.

2021 నవంబరుది అట్ల కాదు. వాయుగుండం 19వ తేదీ తెల్లారుజామున చెన్నైకి దగ్గరలో తీరం దాటింది. ఉపగ్రహం చూసింది, రాడార్లు చూసినాయి, లెక్కలూ అదే చెప్పినాయి. రాయలసీమకు భారీ, అతి భారీ వర్షాలని శాఖ ముందే హెచ్చరించింది. మూడు రకాల బొమ్మలూ ఒకే మాట మీద ఉన్న రోజు అది. నాకు ఆ తేడా తెలిసి ఉంటే మోటారు తీసేవాన్ని. ఆ రోజు తెల్లారే రాజంపేట అవతల చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి ఊళ్లలోకి ఏరు వచ్చింది. ఇండ్లు, మనుషులు, గొడ్లు కొట్టుకుపోయినారు. తేదీ చూడండి, నవంబరు 19. దివిసీమ ఉప్పెన వచ్చిన తేదీనే, 44 ఏండ్ల తర్వాత. మబ్బు కనపడలేదని ఈసారి ఎవరూ అనలేరు. కానీ బొమ్మలో మబ్బు ఉంటుంది, వాన ఉంటుంది. కట్ట మీద నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చినాయి, పై నుంచి ఎంత వస్తా ఉంది, ఇది తెగితే ఏ ఊరికి ఎంతసేపట్లో వస్తుంది అనే బొమ్మ కింద ఊళ్లో పండుకున్న మనిషి సెల్లులో లేదు. ఇప్పుడు మన దగ్గర సర్వరాయసాగర్ ఉంది, ఎగువన వెలిగల్లు ఉంది. మన ఊళ్లకు అట్లాంటి బొమ్మ కావాలని అడగడానికి ఎవరి దగ్గరికి పోవాలో నేను అడుగుతా ఉన్నాను, మీరూ అడగండి.

బుడ్డశనగ విత్తే రోజులు దగ్గరపడినాయి. ఎవరికైనా బొమ్మ వస్తే నాకు పంపేముందు దాని కింద తేదీ, టైము చూడండి. టైము పక్కన యూటీసీ అని ఉంటే మన టైముకు ఐదున్నర గంటలు కలపాల. ఎవరు గీసినారో చూడండి, చూసి గీసిందా లెక్క కట్టి గీసిందా అడగండి. నేను కూడా అట్లనే పంపిస్తా. మోటారు మాత్రం నవంబరు రాకముందే ఒడ్డు నుంచి తీసి ఇంట్లో పెడుతున్నా, ఈ నాలుగేండ్లుగా.